ఎవరి చేయి ఎవరి తలమీద: డోర్నకల్, కాజీపేటల మధ్య పాత పేచీ

కాజీపేట ఫాతిమానగర్‌లో మేత్రాణులు (కథోలిక బిషప్), డోర్నకల్‌లో సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) బిషప్ గారు. హన్మకొండ బాప్టిస్టు సంఘాల్లో ఆ కుర్చీయే లేదు. సీఎస్‌ఐ అయ్యగారు కథోలిక గురువు కావాలనుకుంటే బాప్తిస్మం మళ్లీ ఇవ్వరు గానీ, గురుపట్టం మాత్రం కొత్తగా ఇస్తారు. అదే సీఎస్‌ఐలో పసితనాన బాప్తిస్మం పొందినవారు బాప్టిస్టు సంఘంలో చేరాలంటే నీళ్లలో మునగమంటారు. ఒకచోట పేచీ చేతితో, ఇంకోచోట నీళ్లతో. ఇక్కడ చెప్పేది చేతి సంగతి, అంటే తలమీద చేయి ఉంచి పట్టం ఇచ్చే హస్తనిక్షేపణం.

అపొస్తలులు వేసిన చేయి బిషప్ నుంచి బిషప్‌కు తెగకుండా రావాలన్నది పరంపర వాదం. 325లో నీకయా సభ నాలుగో నిబంధన ప్రకారం కొత్త బిషప్‌ను ఆ ప్రాంతపు బిషప్‌లంతా కలిసి నియమించాలి. కుదరకపోతే కనీసం ముగ్గురు హాజరు కావాలి, రానివారు ఉత్తరం రాసి సమ్మతి తెలపాలి. రోమా (కథోలిక) లెక్కలో ఒక్క బిషప్ హస్తనిక్షేపణం చేసినా చెల్లుతుంది, కాకపోతే క్రమం తప్పినట్టు.

ఇంగ్లండులో 1559 డిసెంబరు 17న కొత్త కాంటర్‌బరీ ఆర్చిబిషప్ మాథ్యూ పార్కర్ తలమీద నలుగురు బిషప్‌లు చేతులుంచారు. చేతుల లెక్క సరిపోయింది, తగాదా మాటల దగ్గర వచ్చింది. అప్పుడు వాడిన 1552 నాటి పట్టమిచ్చే ప్రార్థన క్రమంలో ‘పరిశుద్ధాత్మను పొందుము’ అని ఉంది గానీ ఏ పదవి కోసమో ఆ వాక్యంలో లేదు. 1662లో పదవి పేరు చేర్చారు. ఆలోగా నూరేళ్లు గడిచాయి, పాత క్రమంలో పట్టం పొందినవారే మిగిలారు, ఇక కొత్త మాటలు పలికే అధికారం ఎవరికుందని రోమా ప్రశ్న. పైగా బలి అర్పించే గురువన్న భావాన్నే ఆ క్రమం నుంచి తీసేశారన్నది అసలు అభ్యంతరం. 1896లో పోపు 13వ లియో ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) పట్టాలు చెల్లవని తేల్చేశారు.

డోర్నకల్ బిషప్ వేదనాయకం అజరయ్యకు 1912 డిసెంబరు 29న కలకత్తాలో పట్టం ఇచ్చింది ఈ ఆంగ్లికన్ వరుసలోనే. ఆయన పక్కనే మెదక్‌లో వెస్లియన్ (మెథడిస్టు) మిషన్. అక్కడ బిషప్‌లే లేరు. 1919లో తరంగంబాడిలో ఇలాంటి వేర్వేరు సంఘాలను ఒకటి చేద్దామన్న ఐక్యత మాట మొదలైంది. అది 28 ఏళ్లు సాగడానికి పెద్ద చిక్కు ఒకటే: మెదక్ అయ్యగార్ల తలమీద మళ్లీ చేయి వేస్తే, అన్నాళ్లూ వాళ్లు ఇచ్చిన ప్రభురాత్రి భోజనం ఏమైనట్టు?

1945 జనవరి 1న అజరయ్య కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సీఎస్‌ఐ ఏర్పడినప్పుడు ఆ ముడిని విప్పకుండా పక్కన పెట్టారు. అక్కడే తొమ్మిదిమంది కొత్త బిషప్‌లకు హస్తనిక్షేపణం జరిగింది. ఇకపై పట్టాలన్నీ బిషప్ చేతుల మీదుగానే. ఉన్న అయ్యగార్లను మాత్రం ఎలా ఉన్నవారిని అలాగే తీసుకున్నారు. తెలివైన సర్దుబాటే, కానీ నంద్యాల ఆంగ్లికన్లు చాలామందికి నచ్చలేదు; బయటే ఉండిపోయారు. ఇంగ్లండు సంఘం కూడా 1955 దాకా ఈ కొత్త పట్టాలను ఒప్పుకోలేదు.

బాప్టిస్టులు ఈ లెక్కలోకే రారు. వాళ్లు అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం తెరుస్తారు: 17వ వచనంలో పౌలు పిలిపించింది ‘పెద్దలను’, 28లో ఆ మనుషులనే ‘అధ్యక్షులు’ అన్నాడు. రెండూ ఒకటే అయినప్పుడు వేరే బిషప్ ఎందుకంటారు. ఎవరికీ చెందని స్వతంత్ర సంఘాల ఫ్లెక్సీల మీద ‘బిషప్’ అన్న మాట కనిపిస్తే మాత్రం బాప్టిస్టూ కథోలికుడూ ఒకే ప్రశ్న వేస్తారు: ఈయన్ను బిషప్‌గా ఎవరు చేశారు?