శ్రీశైలం నడక: మొదలు వరంగల్‌లోనా, మన్ననూరులోనా?

శివరాత్రి దగ్గరపడుతుంటే హన్మకొండ, కాజీపేట, జనగామ వైపు శివమాల వేసుకున్న స్వాముల మధ్య ఒక పంచాయితీ తప్పదు. శ్రీశైలం నడిచి పోదామన్న దాంట్లో ఎవరికీ పేచీ ఉండదు, ఎక్కడి నుంచి నడుద్దాం అన్న దగ్గరే లొల్లి. వేయిస్తంభాల గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి అక్కడే మొదటి అడుగు వేయాలి, బస్సెక్కితే అది పాదయాత్ర ఎట్లా అవుతుందని ఒకాయన. హైదరాబాద్ దాకా పోయి బస్సు మారి, అచ్చంపేటలో దిగి ఉమామహేశ్వరం నుంచి నడుద్దామని ఇంకొకాయన. అదీ దండగే, నల్లమల అడవి మొదట్లో ఉన్న మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర దిగితే చాలు, అడవిలో నడిచిందే నడక అని మూడో ఆయన. గురుస్వామి ఎటూ తేల్చలేక "ముందు సెలవులెన్ని దొరుకుతాయో చూసుకోండి స్వామీ" అని తప్పించుకుంటాడు.

మూడు వర్గాలూ తమదే అసలైన పద్ధతి, పెద్దల నాటి పద్ధతి అంటాయి. పాత సంగతులు కొంచెం తిరగేస్తే తెలిసేదేమిటంటే, పెద్దలకు ఈ ప్రశ్నే రాలేదు. బస్సు లేదు, రైలు లేదు, ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరిని అడుగుతారు? గడప దాటితే యాత్ర మొదలైనట్టే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో ఇల్లు కదిలి కాశీకి బయల్దేరాడు, దారిలో ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్లి, తర్వాత హైదరాబాద్ వచ్చి నాగపూర్ దారి పట్టాడు, మళ్లీ ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబర్ వచ్చింది. ఆయన పల్లకీలో కూర్చున్నాడు, నడిచింది బోయీలు, అది వేరే సంగతి. ఆయన రాసిపెట్టిన యాత్రా చరిత్ర ఇల్లు వదిలిన దగ్గరే మొదలవుతుంది.

కాబట్టి ఇంటి నుంచే నడవాలనే వాళ్లది తప్పు లెక్కేం కాదు. కాకపోతే అప్పటివాళ్లు అలా నడిచింది వేరే దారి లేక, అందులో ప్రత్యేకమైన పుణ్యం ఉందని కాదు. వాళ్లు నిజంగా ఆలోచించుకోవలసి వచ్చింది ఇంకో విషయం గురించి: కొండకు ఏ ద్వారం గుండా ఎక్కాలి?

శ్రీశైలానికి నాలుగు ద్వారాలు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. నల్లమలలో ఊళ్లు తక్కువ, తిండి దొరకదు, పులుల భయం, నీళ్లున్న చోటు తెలిసినవాడు వెంట ఉండాలి. అందుకని ఎక్కడెక్కడి నుంచో విడివిడిగా వచ్చినవాళ్లు ద్వారం దగ్గర ఆగి, గుంపు కూడి, అక్కడి నుంచి కలిసి అడవిలోకి దిగడమే వీలైన పద్ధతి. మన పక్కనే ఉన్న పాలకుర్తి పేరుతో తలుచుకునే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక భాగాన్ని శ్రీశైలానికే కేటాయించాడు. శివరాత్రికి కొండకు చేరే జనం, వాళ్ల పాటలు, ఆటలు, జాగరణ అందులో కనిపిస్తాయి. కాకతీయుల కాలంలో తూర్పు ద్వారానికి ఎంత ప్రాముఖ్యం ఉండేదో త్రిపురాంతకంలో వాళ్లు వేయించిన శాసనాలు చూస్తే తెలుస్తుంది. ఓరుగల్లు పతనమయ్యాక వచ్చిన రెడ్డిరాజుల్లో ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. మెట్లు ఎక్కడ కట్టించాడో గమనించండి, కొండ దగ్గర. ఎవరు ఏ ఊళ్లో బయల్దేరారన్నది రాజుకు పట్టలేదు, చివరి కొండెక్కలేక జనం పడే పాట్లే ఆయనకు కనిపించాయి.

పడమటి వైపు ఈ పాత పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది. ఉగాదికి కన్నడ భక్తులు రాయచూరు, బాగల్‌కోట్, బెళగావి వైపు నుంచి సొంతూళ్లలోనే నడక మొదలుపెట్టి వందల కిలోమీటర్లు వస్తారు, కొందరైతే కాళ్లకు కర్రకాళ్లు కట్టుకుని వాటి మీదే నడుస్తారు. ఆత్మకూరు దాటి, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరతారు. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ అంత ఎత్తూ ఎక్కాలి, పాత రాతి మెట్లు, ఒక్కో మెట్టు మోకాలెత్తు అనిపిస్తుంది. వాళ్లలో మొదలు గురించి ఇంత చర్చ నడవదు, ఎందుకంటే ఊరంతా కలిసి కదులుతుంది, తాతలు ఎక్కడ మొదలుపెట్టారో మనవళ్లూ అక్కడే.

మనవైపు కథ తారుమారైంది ఉత్తర ద్వారం దగ్గర. అటునుంచి వచ్చేవాళ్లకు పులి కంటే పెద్ద అడ్డం కృష్ణ. అమ్రాబాద్ అడవి దాటి, నది ఇవతలి ఒడ్డున చంద్రగుప్తపట్నం వైపు చేరి, నది దాటితే అవతల పాతాళగంగ, అక్కడి నుంచి మళ్లీ కొండ. 1960లో శ్రీశైలం డ్యామ్ పనులు మొదలై, 1980ల నాటికి ప్రాజెక్టు పూర్తయ్యాక, హైదరాబాద్ నుంచి నేరుగా బస్సు కొండ మీదికి పోయే రోజులొచ్చాయి. ఒక తరం గడిచేలోపే ఉమామహేశ్వరం ద్వారం అన్న మాట మరుగున పడి, దారిలో వీలైతే చూసే గుడి అయింది. రంగాపూర్ పైన ఆ గుహలో బండ సందుల్లోంచి నీటి చుక్కలు పడే పాపనాశనం దగ్గర తల తడుపుకుని శ్రీశైలం బయల్దేరడం ఆచారం. ఇప్పుడు చాలామంది శ్రీశైలం పోయొచ్చాక ఎవరో అడిగితే "అయ్యో, చూళ్లేదే" అంటారు.

మన్ననూరు మొదలు ఎట్లా అయిందంటే, అక్కడ గేటుంది. అడవి ఇప్పుడు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, 2,611 చదరపు కిలోమీటర్లు, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. ఎక్కడ ఆపుతారో అక్కడ జనం పోగవుతారు, టీ కొట్లు వెలుస్తాయి, కొన్నాళ్లకు ఇక్కడి నుంచే యాత్ర అనేస్తారు. దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. ద్వారం పుట్టుకే అంత.

రోడ్డు, రూలు కలిసి మొదలును జరపడం శ్రీశైలం ఒక్కదాని కథ కాదు. తిరుమలకు 1944లో ఘాట్ రోడ్డు వచ్చేదాకా అందరూ ఎక్కాల్సిందే లేదా డోలీలో పోవాల్సిందే. ఆ తర్వాతే అలిపిరి నుంచి నడవడం మొక్కుగా మారింది, నడిచేవాళ్లకు దర్శనం టోకెన్లు ఇచ్చే పద్ధతి వచ్చాక అలిపిరా, శ్రీవారి మెట్టా అన్నది భక్తితో పాటు క్యూ లెక్క కూడా అయింది. శబరిమలకు ఎరుమేలి నుంచి కరిమల మీదుగా పెద్ద పాదం ఉన్నా, ఎక్కువమంది పంబ దగ్గరే కాలు కింద పెడతారు. దూరదేశంలోనూ ఇదే తంతు. స్పెయిన్‌లో శాంటియాగోకు నడిచే క్రైస్తవ యాత్ర ఉంది, 12వ శతాబ్దపు గ్రంథం ఒకటి దానికి ఫ్రాన్స్ నుంచి నాలుగు దారులు చెప్పింది, అచ్చం మన నాలుగు ద్వారాల్లాగే. అది మధ్యలో బాగా సన్నగిల్లి, 1984లో ఒక పల్లెటూరి పూజారి దారి పొడవునా పసుపు బాణాలు గీయడంతో మళ్లీ ఊపందుకుంది. ఇవాళ కనీసం 100 కిలోమీటర్లు నడిచినవాళ్లకే చర్చి సర్టిఫికెట్ ఇస్తుంది. ఫ్రాన్స్ సరిహద్దు నుంచైతే దాదాపు 780 కిలోమీటర్ల నడక, కానీ అన్నిటికంటే ఎక్కువమంది మొదలుపెట్టేది సరియా అనే చిన్న ఊళ్లో, అది శాంటియాగోకు 115 కిలోమీటర్లు, అంటే రూలుకు సరిగ్గా సరిపోయేంత దూరం. అక్కడా ఇదే గొడవ, నెల రోజులు నడిచినవాళ్లు సరియా వాళ్లను చూసి ముఖం చిట్లిస్తారు.

మొదలు మీద చర్చకే తావులేని నడకలు మన ఉత్తర తెలంగాణలోనే ఉన్నాయి. గోండులు కొలిచే నాగోబా పూజకు వాళ్లలోని మెస్రం వంశీయులు కేస్లాపూర్ నుంచి చెప్పుల్లేకుండా జన్నారం మండలంలోని గోదావరి హస్తినమడుగు దాకా నడిచిపోయి గంగాజలం తెస్తారు, పుష్య అమావాస్య నాడు ఆ నీళ్లతోనే పూజ. మేడారంలో నడక దేవుళ్లదే: పూనుగొండ్ల నుంచి పెనక వంశీయులు పగిడిద్దరాజును నడుచుకుంటూ తెస్తారు, సారలమ్మ కన్నెపల్లి నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి, సమ్మక్క చిలకలగుట్ట నుంచి వస్తారు. భక్తుడు వరంగల్ నుంచి బస్సులో వచ్చినా, ములుగు దగ్గర గట్టమ్మకు మొక్కి నడిచినా జాతరకు తేడా రాదు, ఆ నడక బాధ్యత ఉన్నవాళ్లు నడుస్తున్నారు కాబట్టి.

మళ్లీ మన స్వాముల దగ్గరికి వస్తే, తగువు తీరే ముడి వాళ్ల తల మీదే ఉంది. దీక్షలో ఇరుముడి కట్టేది సొంతూరి గుడిలో, గురుస్వామి చేతుల మీదుగా. ఇంటి నుంచి బయల్దేరాలన్న పట్టింపు అక్కడే తీరిపోయింది, ఆ తర్వాత బస్సెక్కితే యాత్ర చెడిందనడానికి నాకైతే కారణం కనిపించదు. వరంగల్ నుంచి కాళ్ల మీదే పోతానంటే జనగామ, నల్లగొండ, దేవరకొండ మీదుగా 300 కిలోమీటర్లకు పైనే, రోజుకు 25 చొప్పున పన్నెండు రోజులు చాలవు, పైగా అందులో ఎక్కువ భాగం లారీల పక్కన తారు మీద. ప్రైవేటు ఉద్యోగం చేసేవాడికి అన్ని సెలవులు ఎవరిస్తారు?

నా ఓటు ఉమామహేశ్వరానికే. హన్మకొండలో ఇరుముడి కట్టుకుని అచ్చంపేట దాకా బస్సు, రాత్రి ఉమామహేశ్వరం, తెల్లవారుజామున పాపనాశనం నీళ్లు, అక్కడి నుంచి నడక. నాలుగైదు రోజుల్లో తేలిపోతుంది. మన్ననూరు గేటు పొద్దున్నే దాటితే చీకటి పడేలోపు వటవర్లపల్లి వైపు చేరుకోవచ్చు, అడవిలో రాత్రి నడక మాట మాత్రం ఎత్తొద్దు. శివరాత్రికి ముందు అటవీశాఖ వాళ్లు ఏ దారి వదులుతున్నారో, ఎక్కడ అన్నదానం శిబిరాలు పెడుతున్నారో అచ్చంపేటలోనే కనుక్కోండి. మోకాళ్ల నొప్పులున్న స్వాములుంటే ఒక జీపు వెంట పెట్టుకోండి, ఈగలపెంట దాటాక డ్యామ్ దాకా ఘాట్ దిగుడే దిగుడు, అవతల మళ్లీ ఎక్కుడు.