కట్టె నుంచి, ఊక నుంచి ఇంధన వాయువు

చిరంజీవులైన పిల్లలకు, ఆశీస్సులు.

వరి ఊకతోనూ సర్కారు తుమ్మ కట్టెతోనూ ఇంజన్ ఎలా నడుస్తుందని మీరు అడిగారు. ముందుగా మంట అంటే ఏమిటో సరిగా చూడాలి. పెద్దవాళ్ళను పక్కన ఉంచుకుని ఒక కొవ్వొత్తి వెలిగించండి. బాగా మండాక దాన్ని ఊదేసి, వత్తి నుంచి లేచే తెల్లటి పొగకు వెంటనే అగ్గిపుల్ల మంట చూపండి. పుల్ల వత్తిని తాకకముందే మంట ఆ పొగ వెంట కిందికి పాకి వత్తిని అంటుకుంటుంది. అంటే మండేది ఆవిరిగా మారిన మైనం. కట్టెలోనూ జరిగేది ఇదే. వేడికి కట్టె నుంచి వెలువడే వాయువులే మనకు మంటగా కనిపిస్తాయి. అవి అయిపోయాక మిగిలిన బొగ్గు పెద్దగా మంట లేకుండా నిప్పుగా కణకణలాడుతుంది.

పొయ్యిలో ఈ వాయువులు పుట్టిన చోటే కాలిపోతాయి. వాటిని అలా కాలిపోనివ్వకుండా పట్టి, గొట్టం ద్వారా కావలసిన చోటికి పంపే యంత్రమే గ్యాసిఫయర్. దాని కీలకమంతా గాలి కొలతలో ఉంది. కిలో ఎండు కట్టె పూర్తిగా కాలడానికి సుమారు 6 కిలోల గాలి కావాలి; గ్యాసిఫయర్‌లోకి అందులో మూడో వంతుకు మించకుండా పంపుతారు. పైనుంచి వేసిన కట్టె ముక్కలు కిందికి దిగుతూ మొదట తేమను వదులుతాయి. వేడి 200 డిగ్రీలు దాటాక ఆవిర్లనూ తారునూ వదిలి క్రమంగా బొగ్గవుతాయి. గాలి ప్రవేశించే చోట వేడి 1000 డిగ్రీలు దాటుతుంది; అక్కడ ఆ ఆవిర్లు చాలావరకు కాలి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి తయారవుతాయి. ఈ రెండూ మండవు కదా, మరి ఇంధనం ఎక్కడిది అనిపిస్తుంది. నాకు ఎప్పటికీ ఆశ్చర్యం కలిగించే ఘట్టం ఇక్కడే ఉంది. ఎర్రగా కాలిన బొగ్గు పొర గుండా ఆ వాయువులు సాగుతున్నప్పుడు బొగ్గు వాటిలోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, నీటి ఆవిరి నుంచి హైడ్రోజన్ విడుదలవుతుంది. ఈ మార్పులు వేడిని మింగేస్తాయి. అందుచేత నిప్పులోని వేడిలో కొంత భాగం, చల్లారినా పోని ఇంధన రూపంలో వాయువులోకి చేరుతుంది.

దీన్ని ప్రొడ్యూసర్ గ్యాస్ అంటారు. ఇందులో సుమారు 20 శాతం కార్బన్ మోనాక్సైడ్, దాదాపు అంతే హైడ్రోజన్, కొద్దిగా మీథేన్ ఉంటాయి. సగానికి సగం గాలితోపాటు వచ్చిన నైట్రోజనే. అందుకే ఘనపు మీటరు వాయువు నుంచి 1000 నుంచి 1200 కిలోకేలరీల వేడి మాత్రమే వస్తుంది. ఇంత పలుచని ఇంధనాన్ని సిలిండర్లలో నింపి దూరాలకు పంపడం గిట్టుబాటు కాదు. పుట్టిన చోటే వాడుకోవాలి. పేడ నుంచి వచ్చే గోబర్ గ్యాస్ వేరు. అది గాలి చొరబడని తొట్టిలో సూక్ష్మజీవులు తయారుచేసే మీథేన్.

వాయువు పుట్టించడం కంటే దాన్ని శుభ్రం చేయడమే కష్టం. కాలకుండా మిగిలిన తారు చల్లబడి జిగటగా గొట్టాలలోనూ ఇంజన్ కవాటాలలోనూ పేరుకుంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ ఇంబర్ట్ 1920 దశకంలో రూపొందించిన గ్యాసిఫయర్‌లో వాయువు పైకి పోకుండా, నిప్పుల గుండా కిందికి సాగి బయటికి వస్తుంది. అలా సాగేటప్పుడు తారులో చాలా భాగం కాలి విడిపోతుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు కరువైనప్పుడు స్వీడన్, జర్మనీ వంటి దేశాలలో లక్షలాది వాహనాలు కట్టె వాయువుతో నడిచాయి. మన వైపు అప్పట్లో బొగ్గు బస్సులు తిరిగాయి. వెనక భాగాన బొగ్గు పొయ్యి బిగించి ఉండేది, బయలుదేరే ముందు క్లీనరు చక్రం తిప్పి దాన్ని రాజేసేవాడు. కట్టెకు బదులు బొగ్గు ఎందుకంటే, బొగ్గు తయారీలోనే తారు దాదాపుగా పోతుంది కాబట్టి ఇంజన్‌కు పేచీ తక్కువ. అయితే బట్టీలో బొగ్గు చేసేటప్పుడు కట్టెలోని శక్తిలో సగానికి పైగా వృథా అవుతుంది. అడవులు కాపాడుకోవలసిన ఈ రోజుల్లో ఆ దారి నాకు సమ్మతం కాదు.

కట్టెనే నేరుగా వాడాలన్న పట్టుదలతో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు 1980 దశకంలో పరిశోధన సాగించారు. కరెంటు లేని హోసహళ్ళి అనే పల్లెలో, కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో, 1988లో చిన్న గ్యాసిఫయర్ నెలకొల్పి, డీజిల్ ఇంజన్‌కు ఈ వాయువు అందించి దీపాలు వెలిగించారు. తరువాత తాగునీరు తోడారు, పిండిమర నడిపారు. కట్టె కోసం ఊరి దగ్గరే చెట్లు పెంచారు. యంత్రం నడపడం ఊరి యువకులకు నేర్పారు. నా దృష్టిలో యంత్రంకన్నా ఈ రెండు ఏర్పాట్లే గొప్పవి. ఎందుకంటే ఒక యూనిట్ కరెంటుకు సుమారు కిలో నుంచి కిలోన్నర వరకు ఎండు కట్టె కావాలి, దాన్ని రోజూ సరైన సైజులో నరికి, ఆరబెట్టి, వేసేవారు ఉండాలి. తేమ 20 శాతం దాటితే నిప్పులో వేడి పడిపోయి తారు పెరుగుతుంది.

మన రైసు మిల్లుల్లో పుష్కలంగా దొరికే ఊక సంగతి కొంచెం వేరు. అది ముందే పొడిగా, చిన్న ముక్కలుగా ఉంటుంది కనుక నరకనక్కర లేదు. కానీ దాని తూకంలో సుమారు ఐదో వంతు బూడిదే, అందులోనూ అధిక భాగం సిలికా. కట్టెకు సరిపడే గ్యాసిఫయర్‌లో ఊక వేస్తే తేలికదనం వల్ల సరిగా కిందికి జారదు, బూడిద అడ్డుపడుతుంది. అందుకని ఊకకు, కట్టె యంత్రం లోపల ఉండే ఇరుకు మెడ లేకుండా, పొడుగాటి యంత్రం కట్టి, బూడిదను ఎప్పటికప్పుడు తీసేస్తారు. బీహారులోని తమ్‌కుహా గ్రామంలో హస్క్ పవర్ సిస్టమ్స్ అనే సంస్థ 2007లో ఊక వాయువుతోనే కరెంటు ఇచ్చింది. నీటితో వాయువును కడిగే చోట ఆ నీటిలోకి తారు, ఫినాల్ వంటి విష పదార్థాలు చేరతాయి. దాన్ని శుద్ధి చేయకుండా కాలువలోకి వదలడం పెద్ద తప్పు, ఆ ఖర్చు లెక్కలో చూపకుండా చౌక కరెంటు అని చెప్పడం కూడా తప్పే.

ఇంకొక సంగతి. ఈ వాయువులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. అది రక్తం ఆక్సిజన్ మోయకుండా అడ్డుకుని ప్రాణం తీస్తుంది. అందుకే ఇలాంటి యంత్రాలను గాలి ధారాళంగా ఆడే చోట పెడతారు. చూడడానికి వెళ్ళినప్పుడు నడిపేవారు గీసిన హద్దు దాటకండి. డబ్బాలతో ఇంట్లో ఇలాంటిది ఎన్నడూ చేయబూనకండి. కొవ్వొత్తి ప్రయోగం చేసి, మీరు చూసినది నాకు రాయండి.

మీ తాతయ్య