చూసినది వేరు, అనుకున్నది వేరు: పసిపిల్లల గదిలో ఉపాధ్యాయ శిక్షణ

తప్పటడుగుల వయసు పిల్లల గదిలో ఇద్దరు ఛాత్రోపాధ్యాయులు ఓ మూల కూర్చుని, ఒకే నిమిషంలో జరిగినదాన్ని ఎవరికి వారు కాగితం మీద పెట్టారనుకుందాం. ఒకరి నోట్సు ఇలా ఉంది: "బాబు మొండికేశాడు. పక్కనున్న పాప దగ్గర బొమ్మ లాక్కున్నాడు. టీచర్ పిలిచినా లెక్కచేయలేదు." రెండోవారి నోట్సు ఇలా ఉంది: "బాబు ఎర్ర లారీని రెండు చేతులతో పట్టుకుని లాగాడు. పాప వదిలేసి పక్కకు తిరిగింది. బాబు లారీని తలకిందులు చేసి చక్రాన్ని వేలితో తిప్పాడు. టీచర్ పిలిచినప్పుడు తల ఎత్తలేదు. చక్రం ఆగిపోయాక మళ్లీ తిప్పాడు." మొదటిది చదివితే ఆ పిల్లవాడి గురించి ఒక తీర్పు దొరుకుతుంది తప్ప మరేమీ దొరకదు. రెండోది చదివినవారు మాత్రం, వాడికి కావలసింది లారీ కాదేమో, తిరిగే చక్రమేమో అని ఊహించగలరు. మర్నాడు తిరిగే వస్తువులు మరికొన్ని వాడి ముందు పెట్టి, ఆ ఊహ నిలుస్తుందో లేదో చూడగలరు. కాబోయే ఉపాధ్యాయులను పసిపిల్లల మధ్య కూర్చోబెట్టడం వెనుక ఉన్న ప్రధాన ఉద్దేశం వారిని మొదటి నోట్సు నుంచి రెండో నోట్సు దాకా తీసుకురావడమే.

మొదటి నోట్సు రాసినవారిని అజాగ్రత్తపరులని అనలేం. చూస్తున్న క్షణంలోనే అర్థం చెప్పేసుకోవడం పెద్దలకు అలవాటు, ఆ అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో చాలాసార్లు వారికే తెలియదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ కాండ్రీ, సాండ్రా కాండ్రీ 1976లో ప్రచురించిన ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపింది. ఏడాది నిండని ఒక బిడ్డ రకరకాల బొమ్మలకు ఎలా స్పందిస్తుందో వారు చిత్రీకరించి, ఆ ఫిల్మును రెండు వందల మందికి పైగా చూపించారు. కొందరికి ఆ బిడ్డ మగపిల్లవాడని, మిగిలినవారికి ఆడపిల్ల అని చెప్పారు. పెట్టె మూత తెరుచుకుని లోపలి బొమ్మ పైకి ఎగిరినప్పుడు బిడ్డ కలవరపడుతుంది. మగపిల్లవాడనుకుని చూసినవారికి ఆ కలవరంలో కోపం ఎక్కువగా కనిపించింది, ఆడపిల్ల అనుకుని చూసినవారికి భయం ఎక్కువగా కనిపించింది. కోపగించిన బిడ్డతోనూ భయపడిన బిడ్డతోనూ మనం ఒకే తీరుగా ప్రవర్తించం కాబట్టి, తరగతి గదిలో ఈ పొరపాటు చూపు దగ్గర ఆగకుండా చేతల్లోకి దిగుతుంది.

ఈ అభ్యాసానికి ఒకటి నుంచి మూడేళ్ల వయసు పిల్లలే ఎందుకు? పదేళ్ల పిల్లవాడికి లెక్క ఎక్కడ అర్థం కాలేదో అడిగితే ఏదో ఒక సమాధానం చెబుతాడు. ఆ సమాధానం అందగానే ఉపాధ్యాయుడు వాడి చేతులను, కళ్లను, పెన్సిలు ఆగిన చోటును గమనించడం మానేస్తాడు. ఏడాదిన్నర బిడ్డ దగ్గర ఆ అవకాశం లేదు. ఆ వయసులో పలికే మాటలు సాధారణంగా యాభైకి అటూ ఇటూగా ఉంటాయి, అర్థమయ్యే మాటలు అంతకంటే చాలా ఎక్కువ. అంటే ఆ బిడ్డకు తెలిసినదానిలో ఎక్కువ భాగం చూపులో, వేలు చూపడంలో, వస్తువును ఎత్తి పడేయడంలో, దారి మార్చుకోవడంలో బయటపడుతుంది. గమనించడం తప్ప వేరే దారి లేని చోట గమనించడం త్వరగా పట్టుబడుతుంది. అందుకే పెద్ద తరగతులకు గణితం చెప్పబోయేవారు కూడా కొన్ని గంటలు ఈ గదిలో గడపాలన్నది నా అభిప్రాయం; ఆ శిక్షణను పూర్వ ప్రాథమిక ఉపాధ్యాయులకే పరిమితం చేయడం తగదు.

పసిపిల్లల పరిశీలనకు శాస్త్రంలో మంచి వారసత్వమే ఉంది. చార్లెస్ డార్విన్ తన పెద్ద కొడుకు పసితనంలో రాసిపెట్టుకున్న నోట్సు ఆధారంగా 1877లో ఒక వ్యాసం ప్రచురించాడు. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే తన ముగ్గురు పిల్లలను నెలల వయసు నుంచి గమనించి, శిశువుల ఆలోచన గురించి తన సిద్ధాంతాన్ని నిర్మించుకున్నాడు. ఉపాధ్యాయ శిక్షణకు వీరిద్దరికంటే దగ్గరగా వచ్చే ఉదాహరణ ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరిది. రోమ్ నగరంలోని సాన్ లొరెంజోలో 1907లో పిల్లల బడి తెరిచిన ఆమె, సుమారు మూడేళ్ల పాప ఒకతె చెక్క దిమ్మెలోని గుంతల్లో స్థూపాలను అమర్చి, తీసి, మళ్లీ అమర్చడం చూసి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పాప కూర్చున్న కుర్చీని అలాగే ఎత్తి బల్ల మీద పెట్టించింది, మిగతా పిల్లల చేత పాటలు పాడించింది. పాప పని ఆపలేదు. లెక్క నలభై దాటింది. చిన్నపిల్లలకు ఏకాగ్రత ఉండదన్న నమ్మకంతో చూసినవారు ఆ పాప చేతిలోని వస్తువును రెండో నిమిషంలోనే మార్చేసి ఉండేవారు, వారి నమ్మకమూ చెక్కుచెదరకుండా ఉండిపోయేది.

రాయడంలో పలు పద్ధతులున్నాయి. ఎంచుకున్న ఒక బిడ్డ చేసే ప్రతి పనినీ పది నిమిషాల పాటు వరుసగా రాయడం ఒకటి. మొదట నేర్పవలసింది ఇదే, ఎందుకంటే ఎన్ని విశేషణాలు తమకు తెలియకుండానే కలంలోంచి జారుతున్నాయో అభ్యాసకులకు ఇందులోనే కనిపిస్తుంది. నిర్ణీత వ్యవధిలో ఒక్కో బిడ్డను కొద్దిసేపు చూసి నమోదు చేయడం మరొకటి. పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయపు నర్సరీలో ఒక్కో బిడ్డను ఒక్కో నిమిషం చొప్పున పలుమార్లు గమనించి, పిల్లలు ఇతరుల మధ్య ఎలా మసలుతారో 1932లో ఆరు రకాలుగా విభజించింది: ఏ పనీ లేకుండా ఉండటం, ఒంటరి ఆట, ఇతరుల ఆటను చూస్తూ ఉండటం, పక్కపక్కనే ఎవరి ఆట వారు ఆడటం, ఒకరితో ఒకరు మాట కలుపుతూ ఆడటం, ఒకే లక్ష్యంతో కలిసి ఆడటం. రెండేళ్ల పిల్లలు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఇసుక వారు నింపుకుంటుంటే "వీళ్లకు కలిసి ఆడటం రాదు" అని రాసే అభ్యాసకులకు ఈ విభజన చాలా మేలు చేస్తుంది. అయితే దీన్ని మెట్లుగా భావించకూడదు. పరిశోధకులు రోజర్ బేక్‌మన్, జాన్ బ్రౌన్లీ 1980లో చూపినట్టు, పక్కన చేరి అదే ఆట ఆడటం తరచూ ఆ గుంపులోకి ప్రవేశించడానికి దారి అవుతుంది. అది నిమిషాల్లో జరిగే మార్పు కాబట్టి, రోజుకొకసారి టిక్కు పెట్టే చెక్‌లిస్టుకు చిక్కదు. చెక్‌లిస్టుల మీద నాకున్న అసంతృప్తి కూడా ఇదే: ముందే అడిగిన ప్రశ్నలకే అవి జవాబు చెబుతాయి.

దీనికి పూర్తిగా భిన్నమైన సంప్రదాయం కూడా ఒకటుంది. లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్ అనే మానసిక చికిత్సా కేంద్రంలో మనోవిశ్లేషకురాలు ఎస్తర్ బిక్ 1948లో పిల్లల మానసిక చికిత్సకుల శిక్షణలో శిశు పరిశీలనను చేర్చింది. శిక్షణార్థి వారానికి ఒక గంట చొప్పున రెండేళ్ల పాటు ఒక శిశువును ఇంట్లోనే గమనించాలి, కానీ అక్కడ ఏమీ రాయకూడదు. తరువాత గుర్తున్నంతవరకు రాసి, చిన్న బృందంలో చదవాలి. ఎందుకంటే కలం పట్టుకున్నవారి కన్ను కాగితం వైపు పోతుంది, పైగా చూసినదానివల్ల తమలో కలిగిన అలజడిని వారు రాత వెనుక దాచుకుంటారు. ఉపాధ్యాయులకు ఈ పద్ధతి యథాతథంగా సరిపోదు, జ్ఞాపకం సంఘటనల వరుసను సులభంగా తారుమారు చేస్తుంది. అయినా బిడ్డ ఏడుస్తుంటే తనకు ఎందుకు అంత చిరాకు వచ్చిందో ఒకసారైనా రాసుకోని ఉపాధ్యాయుని నోట్సు అసంపూర్ణమే.

గదిలో కూర్చున్న మనిషి గోడలా ఉండిపోలేడన్నది మరో సమస్య. తప్పటడుగుల పిల్లలు కొత్తవారి దగ్గరకు వచ్చి చేతిలో బొమ్మ పెడతారు. దాన్ని అందుకుని, చిన్నగా నవ్వి, మళ్లీ నోట్సులోకి వెళ్లడం మేలు. ముఖం తిప్పుకుంటే బిడ్డ ప్రవర్తన ఇంకా ఎక్కువగా మారుతుంది. పరిశీలకుడు వరుసగా కొన్ని రోజులు వస్తే అతని మీద పిల్లల ఆసక్తి తగ్గుతుంది, అప్పటినుంచి రాసిన నోట్సుకే ఎక్కువ విలువ.

అభ్యాసం నిజంగా ఫలించేది గదిలో ఏదైనా మార్చి చూసినప్పుడు. ఈ వయసులో తరచూ తలెత్తే కొరకడాన్నే తీసుకుందాం. "కొరికే పిల్ల" అన్న ముద్ర వేయడానికి బదులు, అది జరిగిన ప్రతిసారీ సమయం, స్థలం, అంతకు ముందు జరిగినది, తరువాత పెద్దలు చేసినది నమోదు చేస్తే కొన్నాళ్లకు ఒక క్రమం బయటపడవచ్చు: భోజనానికి ముందు, చేతులు కడిగే చోట, పిల్లలు ఒకరిమీద ఒకరు పడుతూ వేచి ఉన్నప్పుడు. అప్పుడు మార్చవలసింది పిల్లను కాదు, చేతులు కడగడానికి పంపే పద్ధతిని: పిల్లలను ముగ్గురు ముగ్గురుగా పంపాలి. మార్చాక మళ్లీ అదే విధంగా నమోదు చేస్తే, ఆ ఊహ తప్పయినా తెలిసిపోతుంది. ఇలాగే, సర్దే వేళ కాళ్లకు అడ్డం పడుతున్నాడనిపించే బిడ్డను కూడా మరోసారి చూడాలి. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పెద్దవారు పొరపాటున జారవిడిచిన వస్తువును అందుకోలేకపోతుంటే పద్దెనిమిది నెలల పిల్లల్లో చాలామంది తమంతట తామే తీసి ఇచ్చారు. కావాలని విసిరేసినప్పుడు అంతగా ఇవ్వలేదు. అవతలివారి ఉద్దేశాన్ని అంతగా పట్టుకునే బిడ్డ అడ్డం పడుతున్నాడో, సాయం చేయబోతున్నాడో తేల్చుకోవడానికి ఒక చూపు చాలదు.

నోట్సును నమ్మవచ్చా అన్న ప్రశ్నకు శాస్త్రం చెప్పే జవాబు సరళమైనది: ఇద్దరు విడివిడిగా గమనించి పోల్చుకోవాలి. యాదృచ్ఛికంగా కుదిరే ఏకాభిప్రాయాన్ని తీసివేసి, మిగిలినదాన్ని కొలిచే కప్పా అనే సూచికను జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించాడు. శిక్షణలో ఆ అంకె కంటే విభేదించిన చోట్లే ఎక్కువ ఉపయోగపడతాయి. బొమ్మను చేతిలో పట్టుకుని కిటికీ వైపు చూస్తున్న పాపను ఒకరు "ఆడుతోంది" అనీ, మరొకరు "ఆడటం లేదు" అనీ రాస్తే, ఆట అంటే తాము ఏమనుకుంటున్నారో ఇద్దరూ మొదటిసారి మాటల్లో పెట్టవలసి వస్తుంది.

హద్దులు కూడా మొదటి రోజే చెప్పాలి. తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, నోట్సులో అసలు పేర్లు ఉండకూడదు, కొన్ని గంటల పరిశీలనతో ఏ బిడ్డకూ రుగ్మత పేరు పెట్టకూడదు; సందేహం వస్తే తరగతి టీచరుకు చెప్పడం వరకే అభ్యాసకుని పని.

శిక్షణ సంస్థకు అనుబంధంగా పిల్లల గది ఉంటే ఇదంతా సాధ్యం. అమెరికా విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ 1896లో చికాగో విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల బడిని ప్రారంభించిన నాటి నుంచి ఆ నమూనా కొనసాగుతోంది, కానీ దాన్ని నడపడం ఖర్చుతో కూడిన పని. గది లేనిచోట వీడియో వాడతారు. ఒకే ఘట్టాన్ని పదిమంది కలిసి పదిసార్లు చూడవచ్చు, ఎక్కడైనా ఆపి వాదించుకోవచ్చు. ఆ సౌకర్యం పిల్లల గదిలో దొరకదు. ఎటు చూడాలో మాత్రం అప్పటికే కెమెరా పట్టినవారు నిర్ణయించేశారు. బిడ్డ హఠాత్తుగా ఆట ఆపి ఫ్రేము బయటి దేనివైపో తల తిప్పితే, అక్కడ ఏముందో వీడియో చూస్తున్న అభ్యాసకునికి తెలిసే వీలు లేదు.