రేసులు మానేది లేదన్న పంతం నుంచి పుట్టిన బుల్టాకో

స్పెయిన్ బైకుల కంపెనీ బుల్టాకో మూతపడి నలభై ఏళ్లు దాటింది. అయినా పాత బైకులంటే ప్రాణం పెట్టేవాళ్లు ఆ పేరు వినగానే రేసుల గురించే మాట్లాడతారు. ఎందుకో తెలియాలంటే ఆ కంపెనీ పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

1958లో బార్సిలోనాలోని మోంటెసా అనే బైకుల కంపెనీ ఖర్చులు తగ్గించుకోవడానికి రేసుల నుంచి తప్పుకోవాలనుకుంది. ఆ కంపెనీని పెరె పెర్మన్యెర్‌తో కలిసి పెట్టిన ఫ్రాన్సెస్క్ షావియెర్ బుల్టోకి ఇది మింగుడుపడలేదు. రేసు ముగింపులో ఊపే గళ్ల జెండా ఎటు వెళితే అమ్మకాలు అటే వస్తాయని ఆయన గట్టిగా నమ్మారు. తను పెట్టిన కంపెనీనే వదిలేసి బయటికొచ్చారు. రేసింగ్ విభాగంలో పనిచేసినవాళ్లు చాలామంది ఆయన వెంటే నడిచారు. ఇంటిపేరు బుల్టో, ముద్దుపేరు పాకో, రెండూ కలిపితే బుల్టాకో. మొదటి బైకు ట్రల్లా 101 1959 మార్చిలోనే బయటికి వచ్చింది. ట్యాంకు మీది బొటనవేలి గుర్తు కూడా రేసు ట్రాక్ ఇచ్చిందే. డేవిడ్ విట్‌వర్త్ అనే బ్రిటిష్ రేసర్ బండి బాగానే ఉందని తనవాళ్లకి బొటనవేలు ఎత్తి చూపడం బుల్టో చూశారు.

రోడ్డు రేసుల్లో విజయాలు వచ్చాయి. 1967లో మామూలుగా అమ్మే బైకులతో జరిగే ఐల్ ఆఫ్ మ్యాన్ ప్రొడక్షన్ టీటీ రేసులో 250 సీసీ విభాగాన్ని బిల్ స్మిత్ బుల్టాకో మెట్రల్లా మీద గెలిచాడు. కానీ నా దృష్టిలో బుల్టాకో అసలు ఘనత ట్రయల్స్‌లో ఉంది. ఈ పోటీలో వేగం ముఖ్యం కాదు. బండరాళ్లు, వాగులు, బురద, ఏది ఎదురైనా కాలు కింద పెట్టకుండా దాటాలి. అప్పటిదాకా ఇక్కడ బరువైన బ్రిటిష్ ఫోర్ స్ట్రోక్ బైకులదే రాజ్యం. ఏరియల్ బైకు మీద ఎన్నో పోటీలు గెలిచిన ఉత్తర ఐర్లండ్ రైడర్ శామీ మిల్లర్‌ని బుల్టో 1964లో పిలిపించుకున్నారు. ఇద్దరూ కలిసి బుల్టో పొలం చుట్టూ ఉన్న కొండల్లో బండిని నడిపి చూస్తూ, మారుస్తూ, తేలికైన 244 సీసీ టూ స్ట్రోక్ బైకు షెర్పా టీని తయారు చేశారు. మరుసటి ఏడాదే మిల్లర్ దాని మీద స్కాటిష్ ఆరు రోజుల ట్రయల్ గెలిచాడు. బ్రిటన్‌ది కాని బైకు అక్కడ గెలవడం అదే మొదటిసారి. ఆ తర్వాత బరువైన బైకుల కాలం చెల్లిపోయింది. 1975లో ప్రపంచ ట్రయల్స్ చాంపియన్‌షిప్ మొదలయ్యాక వరుసగా ఐదేళ్లు టైటిల్ బుల్టాకోదే: మార్టిన్ లాంప్‌కిన్ ఒకసారి, ఫిన్లాండ్‌కి చెందిన యుర్యో వెస్టెరినెన్ మూడుసార్లు, అమెరికన్ బెర్నీ ష్రైబర్ ఒకసారి.

రోడ్డు రేసుల్లో 50 సీసీ ప్రపంచ టైటిల్ని 1976, 77లో ఆంఖెల్ నీతో, 1978లో రికార్డో టోర్మో తెచ్చిపెట్టారు. ఇంతలో సమ్మెలు, అప్పులు, జపాన్ బైకుల పోటీ ఫ్యాక్టరీని కుంగదీశాయి. కంపెనీ అలా కొట్టుమిట్టాడుతున్న 1981లోనూ టోర్మో బుల్టాకో మీదే మళ్లీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1983లో తలుపులు పూర్తిగా మూసుకున్నాయి.

ఆనాడు రేసులు వద్దనుకున్న మోంటెసా పేరు మాత్రం హోండా నీడలో నిలిచింది. 2007 నుంచి స్పెయిన్ రైడర్ టోనీ బౌ ఏటా ప్రపంచ ట్రయల్స్ టైటిళ్లు గెలుస్తూ వచ్చింది ఆ మోంటెసా మీదే.