అంతరిక్షం చల్లగానే ఉంటుంది కదా, ఫ్రిజ్ దేనికి?

ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు, అంటే కంటికి కనపడని వేడి కిరణాలు పట్టే పరికరాల పని చేస్తానని చెప్పగానే నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

అపోహ: అంతరిక్షంలో చలికి అన్నీ వాటంతటవే చల్లారిపోతాయి.

వాస్తవం: కొంతవరకే. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపులో, ఎండను అడ్డుకునే 5 పొరల సన్‌షీల్డ్ నీడన ఒకటి తప్ప మిగతా పరికరాలు మైనస్ 233 డిగ్రీలు, అంటే సుమారు 40 కెల్విన్‌ దాకా ఊరికే చల్లారాయి. ఆ ఒక్కటి, మిరీ అనే పరికరానికి అది చాలదు. అది పట్టాల్సినవి 5 నుంచి 28 మైక్రాన్ల తరంగదైర్ఘ్యమున్న కిరణాలు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వాటిని పట్టే చిప్, అంటే డిటెక్టర్, 7 కెల్విన్ లోపు, అంటే మైనస్ 266 డిగ్రీల దగ్గర లేకపోతే తన ఒంటి వేడినే నక్షత్రపు వెలుగనుకుంటుంది. అందుకే హీలియం వాయువును తిప్పే కూలర్ పెట్టారు. దాని కంప్రెసర్‌ను పరికరం పక్కన కాకుండా సన్‌షీల్డ్‌కి అవతల, ఎండ వైపు కూర్చోబెట్టి, సన్నని గొట్టాల్లో హీలియం పంపారు. 2021 డిసెంబర్ 25న రాకెట్ ఎగిరితే, మిరీ 7 కెల్విన్ లోపుకి దిగింది 2022 ఏప్రిల్ 7న!

ద్రవ హీలియం నింపి పంపితే పోలేదా అంటారు. అంతకుముందు పంపిన స్పిట్జర్ అనే అంతరిక్ష టెలిస్కోపుకి అలాగే నింపారు. 2009 మేలో అయిపోయింది. ఆ తర్వాత ఒక్క కెమెరాలో రెండు చానళ్లు మాత్రమే పనిచేశాయి.

అపోహ: ఫోన్ కెమెరా సెన్సర్‌నే బాగా మెరుగుపరిచి వాడతారు.

వాస్తవం: మామూలు సిలికాన్ సుమారు 1.1 మైక్రాన్ దాటితే గుడ్డిది. మిరీలోదీ సిలికానే, కాకపోతే ఆర్సెనిక్ కలిపారు. ఔను, పాషాణమే.

అపోహ: ఆ ఫొటోల్లో రంగులన్నీ కల్పితం.

వాస్తవం: కంటికి కనపడని వాటికి రంగు కేటాయించక తప్పదు. పొడవు తరంగాలకు ఎరుపు వైపు, పొట్టివాటికి నీలం వైపు రంగులిస్తారు.

అపోహ: బల్ల మీద పనిచేస్తే పైనా పనిచేస్తుంది.

వాస్తవం: అంత చలిలో అల్యూమినియం మీటరుకు దాదాపు 4 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది. మిరీలో చట్రం, అద్దాలు కూడా అల్యూమినియంతోనే చేసింది అందుకే. ముడుచుకుంటే అన్నీ కలిసే ముడుచుకోవాలి. మా దగ్గర ఒకసారి ఒక కనెక్టర్ గదిలో భేషుగ్గా ఉంది, గాలి తీసేసి చల్లబరిచే చాంబర్‌లో చల్లబడగానే సిగ్నల్ మాయం. తొందరపడి మూత తీస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా లోపలంతా చెమరుస్తుంది. మూడు రోజులు వేడెక్కనిచ్చాం. ఒక్క స్క్రూ పావు తిప్పు బిగించి, మళ్లీ పంపు ఆన్ చేశాం.