రెట్టింపు కావడానికి ఎన్నేళ్లు?

పిల్లలూ,

జనాభా ఏటా 2 శాతం చొప్పున పెరుగుతుంటే రెట్టింపు కావడానికి ఎన్నేళ్లు పడుతుందని అడిగితే, మీలో చాలామంది ఠక్కున 50 అనేస్తారు. ఏటా 2 పెరిగితే 100 పెరగడానికి 50 ఏళ్లే కదా అని. అది బారువడ్డీ లెక్క. జనాభా పెరిగేది చక్రవడ్డీలాగా, ఎందుకంటే ఇవాళ పుట్టినవాళ్లు రేపు పెద్దవాళ్లై పిల్లల్ని కంటారు, అంటే వడ్డీ వెళ్లి అసలులో కలిసిపోతుంది.

వెయ్యి మందితో మొదలుపెట్టి నిజంగా పెన్ను పట్టుకుని వేసి చూడండి. మొదటి ఏడాది చివరికి 1,020. రెండో ఏడాది 2 శాతం తీయాల్సింది వెయ్యి మీద కాదు, 1,020 మీద, కాబట్టి పెరిగేది 20.4 (0.4 మనిషి ఏమిటని ఆగిపోకండి, ఇది సగటు). ఇలా ప్రతి ఏడూ 1.02తో గుణించుకుంటూ పోతే పదేళ్లకు 1,219, ఇరవై ఏళ్లకు 1,486, ముప్పై ఏళ్లకు 1,811, సరిగ్గా 35వ ఏడాది చివరికి దాదాపు 2,000. మొదటి ఏడాది 20 మంది కలిస్తే, ఆ 35వ ఏడాది ఒక్కదానిలోనే 39 మంది కలుస్తారు. మీరు అనుకున్న 50 ఏళ్లలో 15 ఏళ్లు తగ్గింది ఇక్కడే.

ప్రతిసారీ 35 గుణకారాలు చేయక్కర్లేదు. 70ని వృద్ధి శాతంతో భాగించండి, చాలు. 2 శాతానికి 35 ఏళ్లు, 1 శాతానికి 70 ఏళ్లు. ఈ 70 ఎక్కడి నుంచి వచ్చిందంటే, 2కి సహజ సంవర్గమానం 0.693, దాన్ని శాతంలోకి మారిస్తే 69.3, భాగించడానికి వీలుగా ఉంటుందని 70 చేసుకున్నాం. సంవర్గమానాలు మీకు పై తరగతుల్లో వస్తాయి, అప్పటిదాకా గుణించి చూసి నమ్మండి, నా మాట మీద నమ్మకండి. ఒక్క జాగ్రత్త, రేటు చిన్నదైతేనే ఇది పనికొస్తుంది. ఏటా 100 శాతం పెరిగేదానికి రెట్టింపు కావడానికి ఒక ఏడాది పడుతుంది, మన సూత్రమేమో 0.7 ఏడాది అంటుంది.

ఇప్పుడు అసలు ప్రపంచం సంగతి. 1804 ప్రాంతంలో 100 కోట్లున్న జనం 1927కి 200 కోట్లయ్యారు, 123 ఏళ్లు. 1974కి 400 కోట్లు, 47 ఏళ్లే! ఆ తర్వాత 800 కోట్లకు చేరింది 2022 నవంబరులో, అంటే 48 ఏళ్లు. 1960లలో వృద్ధి 2 శాతం దాటింది, అదే 2 శాతం కొనసాగి ఉంటే 1974 తర్వాత 35 ఏళ్లకే, 2009లోనే, 800 కోట్లు అయ్యేవాళ్లం. కాలేదు, ఎందుకంటే రేటు తగ్గుతూ వచ్చింది, ఇప్పుడది 1 శాతం కంటే తక్కువ. కాబట్టి ఎవరైనా ఇన్నేళ్లలో జనాభా రెట్టింపు అవుతుందని చెబితే, ఏ రేటుతో అని అడగండి, ఆ రేటు అన్నేళ్లూ అలాగే ఉంటుందా అని కూడా అడగండి. చాలామంది పెద్దవాళ్లు కూడా ఈ రెండో ప్రశ్న మర్చిపోతారు, నాకు బాధనిపించేది అదే.

లెక్క వెనక్కి కూడా నడుస్తుంది. 70ని 48తో భాగిస్తే సుమారు 1.46, అంటే 1974 నుంచి 2022 దాకా ఏడాదికి సగటున దాదాపు ఒకటిన్నర శాతం పెరిగామన్నమాట.

ఇలాంటి ప్రశ్నే లియొనార్డ్ ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త 1748లో అచ్చయిన తన గ్రంథంలో వేశాడు: జనాభా వందేళ్లకోసారి రెట్టింపు కావాలంటే ఏటా ఎంత పెరగాలి? 144వ వంతు అని తేల్చాడు. మన 70ని 100తో భాగించి ఒక పక్కన రాసుకోండి, ఆయన 144వ వంతును శాతంలోకి మార్చి ఇంకో పక్కన రాయండి, రెండిటికీ తేడా ఎంత వచ్చిందో నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య