కొమ్మతో క్యాట్ ట్రీ: అపోహలు, వాస్తవాలు

"పచ్చికొమ్మైతే గట్టిగా ఉంటుంది, ఎండుదైతే పగులుతుంది" అంటారు క్యాట్ ట్రీ, అంటే పిల్లి ఎక్కి ఆడుకునే, గోళ్లు గీరుకునే స్టాండు, చేయించుకోడానికి నా దగ్గరికొచ్చేవాళ్లు.

నిజానికి కొమ్మ పగిలేది ఆరేటప్పుడే. ఆ పగులు నా షెడ్డులో రావాలా, మీ హాల్లో రావాలా అన్నదే తేడా. ఆరేకొద్దీ కర్ర చుట్టుకొలత వెంట ఎక్కువ కుంచించుకుంటుంది, బెండు వైపు అందులో సగమే. అందుకే ఆ నిలువు చీలిక. మొదట్లో నేనూ తొందరపడ్డాను. పచ్చి సుబాబుల్ కొమ్మకి బోల్టు బిగించి ఇచ్చేశాను. రెండు నెలలకి ఫోను: "అన్నా, పిల్లి దూకితే ఊగుతోంది." వెళ్లి చూస్తే వాషరు కింద గోరు దూరేంత సందు, అడుగు పీట మీద మైదాలాంటి పొడి. పుచ్చు పట్టింది. డబ్బు తిరిగిచ్చాను.

ఇప్పుడు కోసిన రోజే రెండు కొసలకీ మైనం పూసి, ఇటుకల మీద నీడన పెడతాను. వారానికోసారి కొక్కెం త్రాసుకి తగిలించి తూస్తాను. బరువు తగ్గడం ఆగాకే ఉలి పడతాను. మణికట్టంత కొమ్మకీ నెలలు పడుతుంది. ఆగలేనివాళ్ల ఆర్డరు తీసుకోను.

"పుచ్చుకి నల్ల ఫినాయిల్ పూస్తే సరి." వద్దు బాబూ! పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటుంది. ఆ ఫినాయిల్‌లోని ఫినాల్‌ని విరిచే శక్తి దాని కాలేయానికి బాగా తక్కువ. కర్పూరమూ దానికి విషమే. పురుగు చావడానికి ఎగుమతి పెట్టెల చెక్కకి అంతర్జాతీయంగా ఒక లెక్కుంది: నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి, 30 నిమిషాలు. నేనూ అలాగే వేడి పట్టిస్తాను.

"బెరడు ఉంటేనే అందం." నాలుగు రోజులే. గోళ్లకి పెళ్లలుగా ఊడుతుంది, కింద పురుగులు దాక్కుంటాయి. చెక్కేస్తాను. జామకొమ్మ నున్నగా ముద్దొస్తుంది గానీ కాలు జారుతుంది, దానికి కిత్తనార తాడు చుట్టాల్సిందే. గీరుకునే భాగం మూడడుగులకి తగ్గితే పిల్లి ఒళ్లు పూర్తిగా సాగదు, సోఫా దగ్గరికే పోతుంది.

"ఏ చెట్టైనా ఒకటే." గన్నేరు, పచ్చగన్నేరు కొమ్మలు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. కొరికితే ఆ విషం గుండె మీద పనిచేస్తుంది.

"ఎత్తు పెరిగితే పడిపోతుంది." ఎత్తు ఒక్కటే కాదు, వాలూ చూడండి. పై అరుగు అంచు నుంచి మేస్త్రీల గుండుదారం వదలండి. గుండు పీట లోపలే ఆగాలి. బయట పడిందంటే పీట పెద్దది చేయండి, లేదా గోడకి బ్రాకెట్ వేయండి.